కాడు రమ్మన్న రాత్రి

ముసలివాడి పేరేమిటో కేశవరెడ్డి చెప్పరు. మొదటి పేజీలో లేకపోతే ఏం, ముందు ముందు ఎవరో ఒకరు పిలవకపోతారా అనుకుంటూ చదువుతాం. అడవిలో పిలిచేవాళ్లెవరు? పుస్తకం మూసేసినా అతని పేరు మనకు తెలియదు. విచిత్రమేమంటే, పేరు తెలియదన్న సంగతి కూడా చాలాసేపటికిగాని గుర్తుకు రాదు.

డాక్టర్ పి. కేశవరెడ్డి రాసిన ‘అతడు అడవిని జయించాడు’ గురించి చెబుతున్నాను. కథ రెండు ముక్కల్లో అయిపోతుంది. పందులు మేపుకుని బతికే ఒక ముసలివాడు ఉన్నాడు. ఈనడానికి సిద్ధంగా ఉన్న పంది ఒకటి పొద్దుగూకినా అడవి నుంచి ఇంటికి రాలేదు. దాన్ని వెతుక్కుంటూ అతడు అడవిలోకి పోయాడు. పంది అక్కడే ఈనింది. నెత్తురు వాసనకు నక్కలు వస్తాయి. పిల్లల తల్లికి తన యజమాని కూడా శత్రువులాగే కనిపిస్తాడు. తెల్లవారేదాకా ఇంతే. ఈ రాత్రి చివర ఏమవుతుందో ఇక్కడ చెప్పను. చదవనివాళ్ల రాత్రిని పాడు చేసే హక్కు నాకు లేదు.

మాది చిలమత్తూరు. చాలాకాలం అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. కొడికొండ చెక్‌పోస్టు దాటి హైవే మీద ఇంకాస్త పోతే బాగేపల్లి, కర్ణాటక. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే మంచి వాన అనుకునే నేల ఇది. అదీ వేరుశనగకు కావలసినప్పుడు పడదు, కళ్లంలో కట్టె ఆరబెట్టినప్పుడు పడుతుంది. కాళ్లూ చేతులూ బాగున్నవాళ్లు బెంగుళూరు బస్సెక్కుతారు. ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు, వాళ్లతో పాటు ఒక బర్రె, రెండు మేకలు. ముసలితనం మీద ఎవరు ఏం రాసినా మా ఊళ్లో చదివితే దాని గట్టితనం తెలిసిపోతుంది. ఇక్కడి అరుగు మీద నిలబడలేని వాక్యం ఇంకెక్కడా నిలబడదని నా నమ్మకం. ఇది కొంచెం ఊరి పొగరు కూడా కావచ్చు.

తెలుగులో ముసలితనానికి ఒక సామెత ఉంది: ఊరు పొమ్మంటోంది, కాడు రమ్మంటోంది. నిఘంటువులు కాడు అంటే శ్మశానం అనీ చెబుతాయి, అడవి అనీ చెబుతాయి. వాడుక తెలుగులో రెండో అర్థం దాదాపు పోయింది, వల్లకాడు మాత్రమే మిగిలింది. కన్నడంలో కాడు అంటే అడవే. మా సరిహద్దులో రెండు భాషలూ ఒకే చెవిలో పడతాయి కాబట్టి సామెత విన్నప్పుడల్లా నాకు రెండు అర్థాలూ కలిసే వినపడతాయి. కేశవరెడ్డి ఈ సామెతను తలుచుకుని రాశారని నేను అనడం లేదు. ఆయన నవల ఈ సామెతకు అక్షరాలా ఆకారం మాత్రం ఇచ్చింది. వెనక ఊరు, ముందు కాడు, మధ్యలో ఒక ముసలివాడు, చేతిలో ఉన్నది ఒక్క రాత్రి. సామెతలో ముసలివాడికి చేసే పనేమీ లేదు. ఒకరు పొమ్మంటారు, ఇంకొకరు రమ్మంటారు, అతడు మధ్యలో నిలబడి ఉంటాడు. నవలలో మాత్రం అతనికి చేతినిండా పని ఉంది. ఈ పుస్తకం పనితనమంతా ఈ ఒక్క మార్పులో ఉంది.

ముందు పేరు దగ్గరే ఆగుదాం. అట్ట మీది మూడు మాటల్ని ఒక్కొక్కటిగా పట్టుకుని చూడాలి.

‘అతడు’. మన భాషలో మగమనిషిని చూపించడానికి మెట్లున్నాయి: వాడు, అతడు, ఆయన. పందులు మేపుకునేవాణ్ణి ఊరు ఏ మెట్టు మీద నిలబెడుతుందో చెప్పనక్కరలేదు. మా పక్క అయితే వయసులో పెద్దవాణ్ణి ‘ఆయప్ప’ అంటారు, అదీ కులం చూసే అంటారు. ‘అతడు’ అనే మాట రచ్చబండ మీద వినిపించదు. అది పుస్తకాల మాట. అందులో చిన్నచూపూ లేదు, వంగి దండం పెట్టడమూ లేదు. లోపలి పేజీల్లో ‘ముసలివాడు’ అనే మాట పదే పదే వస్తుంది, దాని తోకలో ‘వాడు’ ఉంది. అట్ట మీదికి వచ్చేసరికి ఆ మెట్టు ఒకటి పైకి జరిగింది. ఊరు ఎన్నటికీ ఇవ్వని ఆ ఒక్క మెట్టును పుస్తకం ఇచ్చింది. ఎక్కువిస్తే జాలి అయ్యేది.

‘జయించాడు’. దీనికి బదులు ‘గెలిచాడు’ అనవచ్చు. కోడిపందెంలో గెలుస్తారు, పేకాటలో గెలుస్తారు, పంచాయతీ ఎన్నికల్లో గెలుస్తారు. జయించడం వేరు. అది రాజులు దిక్కుల్ని జయించే మాట, మునులు ఇంద్రియాల్ని జయించే మాట. మృత్యుంజయుడు అన్నప్పుడు వినపడేది కూడా అదే. రాజుల క్రియాపదాన్ని తెచ్చి పందుల కాపరి చేతిలో పెట్టారు కేశవరెడ్డి. చివరికి వచ్చాక ఆ మాటను మళ్లీ ఒకసారి చదవాల్సి వస్తుంది. ఏది జయం, ఎవరికి జయం అని అట్టనే నిలదీస్తాం. చదవకముందు ఒక అర్థం, చదివాక ఇంకో అర్థం ఇచ్చే పేర్లు తెలుగు నవలలకు ఎన్ని ఉన్నాయో నేను లెక్కపెట్టలేదు, ఇదొకటి మాత్రం ఖాయం.

మధ్యలో ‘అడవి’. అడవి గాచిన వెన్నెల అంటాం, చూసేవాడు లేక వృథా అయిపోయిన దానిని. ముసలివాడి శ్రమ కూడా అలాంటిదే. రాత్రంతా అతడు చేసిన పనికి సాక్షి లేడు. తెల్లారి ఊళ్లో చెప్పినా ఎవరూ నమ్మకపోవచ్చు, నమ్మినా అది పంది గొడవే కదా అంటారు. ఆ వెన్నెలను చూసింది పాఠకుడొక్కడే. ఈ లెక్కన పాఠకుణ్ణి అడవిలో ఒక చెట్టు చాటున కూర్చోబెట్టారు రచయిత, లేచి సాయం చేయడానికి వీల్లేని చోట.

ఇలాంటి రాత గురించి మాట్లాడేటప్పుడు ప్రయోగం అనే మాట వాడటానికి మనవాళ్లు జంకుతారు. ప్రయోగమంటే విరామ చిహ్నాలు లేని పేజీలూ అర్థంకాని కలలూ అనుకుంటారు. నవీన్ ‘అంపశయ్య’ (1969) ఒక విద్యార్థి తలలోని ఒక్క రోజును నవలంత పొడుగు సాగదీసింది. అది ప్రయోగమని అందరూ ఒప్పుకున్నారు. కేశవరెడ్డికి ఆ విద్య తెలియక కాదు, ‘సిటీ బ్యూటిఫుల్’లో చైతన్య స్రవంతిని ఆయనే వాడారు. అడవి నవలలో మాత్రం దాన్ని పక్కన పెట్టి, ఉన్నవి ఒక్కొక్కటే తీసేస్తూ పోయారు. పేరు తీసేశారు. ఊరి గొడవ తీసేశారు. అధ్యాయానికొక పాత్రను తెచ్చే అలవాటును తీసేశారు. ముసలితనం అనగానే రచయితలందరూ తెరిచే జ్ఞాపకాల పెట్టెను కూడా పెద్దగా తెరవలేదు. ఇన్ని తీసేశాక మిగిలింది ఒక శరీరం, ఒక పని, ఒక గడువు.

గడువు గురించి చెప్పాలి. మన భాషలో చనిపోయాడనడానికి ఎన్నో మాటలున్నాయి: పోయాడు, దాటిపోయాడు, కన్ను మూశాడు. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ‘కాలం చేశాడు’. ఒక మనిషి చివరిసారిగా చేసే పని కాలం చేయడమట. మరణం మీద నవల రాసేవాడు చేయాల్సిందీ అదే, కాలాన్ని చేయాలి. ఎంత కాలం, ఏ వేగంతో, ఎక్కడ ఆపాలి? హెర్మన్ బ్రోఖ్ అనే ఆస్ట్రియా రచయిత 1945లో వచ్చిన తన నవలలో రోమన్ కవి వర్జిల్ బతికిన చివరి 18 గంటల్ని తీసుకుని, పేజీలు దాటినా ముగియని వాక్యాలతో మహాగ్రంథం చేశాడు. అందులో ఒక గంట చదవడానికి మనకు కొన్ని గంటలు పడుతుంది. కేశవరెడ్డి రాత్రిని రాత్రిలాగే ఉంచారు. ఆయన నవల చిన్నది. దీపం పెట్టాక మొదలుపెడితే నడిరేయి దాటకముందే అయిపోతుంది. ముసలివాడు కాచుకుని కూర్చున్నచోట మనమూ కూర్చుంటాం. చప్పుడైనచోట మనమూ ఉలికిపడతాం. కథలోని గడియారమూ గోడ మీది గడియారమూ దాదాపు పక్కపక్కనే నడుస్తాయి. అందుకే ఈ పుస్తకాన్ని విడతలుగా చదివినవాళ్లు నాలుగో వంతు పోగొట్టుకున్నట్టే.

నేను దీన్ని రెండోసారి చదివింది పైకి వినిపిస్తూ. మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు, వరసకు నాకు పెద్దనాయన. బతుకంతా గొర్రెలు కాచారు. ఇప్పుడు చూపు మందగించింది, కట్టె లేనిదే గడప దాటరు. ఎండాకాలంలో కరెంటు పోయిన రాత్రి వాళ్ల అరుగు మీద కూర్చుని, సెల్‌ఫోను వెలుగులో చదివి వినిపించాను. చాలాసేపు ఊఁ కొట్టారు. ముసలివాడు ఈనిన పంది వైపు అడుగు వేసే చోట ఆపేశారు.

“ఆగప్పా. ఈనిన దాని కాడికి యాలప్పా పోతాడు? వానికి తెలీదా?”

“తెలుసు పెద్దనాయనా. తెలుసనే రాసినాడు.”

“తెలిసి పోతాండాడా?”

“ఊఁ.”

ఆయన కాసేపు మాట్లాడలేదు. “అట్లయితే సదువు,” అన్నారు.

విమర్శకులు పేజీలకు పేజీలు రాసి చెప్పాల్సినదాన్ని ఆ మూడు మాటల్లో తేల్చేశారాయన. ఈ నవలలో ముసలితనం ఒళ్లు నొప్పుల జాబితా కాదు. అది తెలివిడికీ ఒంటికీ మధ్య పెరిగిన దూరం. పందుల గురించి ముసలివాడికి తెలియనిది లేదు. ఏ చప్పుడు ఏ జంతువుదో, ఏ పొద కింద పడక వేసుకుంటుందో, పిల్లల తల్లి ఎంత దూరం రానిస్తుందో అన్నీ తెలుసు. కుర్రవాడికి ఒళ్లు ఉంటుంది, తెలివిడి ఉండదు. ముసలివాడికి తెలివిడి నిండుగా ఉంది, దాన్ని మోసే ఒళ్లే తగ్గింది. నవల ముందుకు నడిచేది ఈ తేడా మీదే. ప్రతి ప్రమాదమూ ముందు అతని తలలోకి వస్తుంది, తర్వాత కాళ్ల దగ్గరికి వస్తుంది. తల ఎప్పుడూ కాళ్లకంటే ఒక అడుగు ముందుంటుంది. పాఠకుడికి భయం కలిగేది నక్కల వల్ల కాదు, ఆ ఒక్క అడుగు దూరం వల్ల.

ఇది డాక్టరు చూపు అనిపిస్తుంది నాకు. కేశవరెడ్డి 1946లో చిత్తూరు జిల్లా తలుపులపల్లెలో పుట్టారు. వైద్యం చదివి, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలోని విక్టోరియా ఆసుపత్రిలో కుష్ఠు రోగులకు ఏళ్ల తరబడి వైద్యం చేశారు. 2015లో చనిపోయారు. కుష్ఠు రోగిని చూసే డాక్టరుకు ఒక సంగతి రోజూ కళ్లముందే ఉంటుంది: చెయ్యి ఉంటుంది, స్పర్శ ఉండదు, కాలిన సంగతి చర్మం చెప్పదు, కన్ను చూసి చెప్పాలి. అంటే శరీరం తన యజమానికి వార్తలు మోయడం మానేస్తుంది. ఇలాంటి శరీరాల్ని వేలకొద్దీ తడిమి చూసినవాడు ముసలివాడి మోకాలి గురించి రాసినప్పుడు అందులో అయ్యో అనే మాట ఉండదు. కొలత ఉంటుంది. ఆయన కథనం పుస్తక భాషకు దగ్గరగా, తొణక్కుండా నడుస్తుంది. ఆ నిలకడే జాలిని పుట్టిస్తుంది.

ఇంకో కొలత గుర్తొస్తోంది. బి.ఎస్. జాన్సన్ అనే ఇంగ్లండు రచయిత 1971లో ‘హౌస్ మదర్ నార్మల్’ అని ఒక నవల రాశాడు. వృద్ధాశ్రమంలో ఒక సాయంత్రం. ఎనిమిది మంది ముసలివాళ్లు. ఒకే సాయంత్రాన్ని ఒక్కొక్కరి తలలోంచి ఎనిమిదిసార్లు చెబుతాడు, ఒక్కొక్కరికి సరిగ్గా 21 పేజీలు. మొదటావిడ ఆరో పేజీలో విన్న మాటనే మిగతావాళ్లు కూడా తమ ఆరో పేజీలో, అదే చోట వింటారు. ప్రతి భాగానికి ముందు ఆసుపత్రి కాగితంలా వయసు ఎంత, చూపు ఎంత శాతం, వినికిడి ఎంత శాతం, జబ్బులేమిటి అని పట్టిక ఉంటుంది. బాగున్నవాళ్లతో మొదలై క్రమంగా మతి తప్పినవాళ్ల దగ్గరికి పోతాం. పోయేకొద్దీ పేజీ మీద తెల్లటి జాగా పెరుగుతుంది. ఎనిమిదో ఆమెకు 94 ఏళ్లు. ఆమె పేజీల్లో అక్షరాలు అక్కడక్కడా చెదిరిపడి ఉంటాయి, అదీ ఆమె పుట్టు భాష అయిన వెల్ష్‌లో. తర్వాత పేజీలు ఖాళీ. తెల్ల కాగితం చూసి గుండె బరువెక్కడం నాకు ఆ పుస్తకంతోనే అనుభవమైంది.

జాన్సన్ అక్షరాల్ని తీసేశాడు, కేశవరెడ్డి మనుషుల్ని తీసేశారు. ఆ నవలలో ముసలివాళ్లను చూసుకునేందుకు ఒక సంస్థ ఉంది, దానికొక పెత్తందారు ఉంది, పట్టిక ఉంది, కాబట్టి అక్కడ ముసలితనం కాగితం మీదే తెల్లబడుతుంది. మన నవలలో ముసలివాడికి అరవయ్యా డెబ్బయ్యా అని అడిగేవాడే లేడు. అతని వయసు అతని పనిలో తెలుస్తుందంతే. ఏది గొప్ప అని అడిగితే, పేజీని వాడుకోవడంలో జాన్సన్‌ను మించినవాడు లేడంటాను. పగలంతా తలుచుకోవడానికి మాత్రం నాకు మన ముసలివాడే కావాలి. జాన్సన్ చివర్లో తన బొమ్మలకు తాళ్లు కట్టి ఉన్నాయని తానే చూపించి నవ్వుతాడు. కేశవరెడ్డి తాడు కనపడనివ్వరు.

అందరూ చేసే పోలిక హెమింగ్వేతో. ‘ది ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీ’ 1952లో వచ్చింది, 84 రోజులు చేప దొరకని ముసలి జాలరి కథ. ఆ నీడ ఈ నవల మీద ఉందంటే కాదనలేం. ముసలివాడు, ఒంటరితనం, ప్రకృతి, చేతికొచ్చింది దక్కుతుందా అన్న ప్రశ్న. అయితే పోలిక ఇక్కడితో ఆగాలి. హెమింగ్వే జాలరికి శాంటియాగో అని పేరుంది, ఊళ్లో ఎదురుచూసే కుర్రాడున్నాడు, కలలో ఆఫ్రికా ఒడ్డున ఆడుకునే సింహాలున్నాయి. అన్నిటికన్నా పెద్ద తేడా చేపకూ పందికీ ఉంది. చేప వేట. ఇద్దరు పోటుగాళ్ల మధ్య గౌరవమైన యుద్ధం. పంది అతడు పెంచినది. తన చేత్తో మేత పెట్టిన జీవి, అడవిలో ఈనిన క్షణం నుంచి అడవి జంతువైపోయింది. అతడు కాపాడటానికి వచ్చాడని దానికి చెప్పే భాష లేదు. బెస్తవాడి విషాదం ఓడిపోవడంలో ఉంది. కాపరి విషాదం తనవాళ్ల చేత గుర్తింపబడకపోవడంలో ఉంది. బెంగుళూరు నుంచి పండక్కి వచ్చిన మనవడు గడప దగ్గర నిలబడి ‘ఎవరు తాతా ఈయప్ప’ అని పక్కవాణ్ణి అడిగే ఇళ్లు మా ఊళ్లో ఉన్నాయి. ఆ ఇళ్లవాళ్లకు ఈ నవల వివరించనక్కరలేదు.

మా పక్కనే లేపాక్షి. రావణుడితో పోరాడి రెక్కలు తెగిన జటాయువు పడింది ఇక్కడేననీ, రాముడు ‘లే పక్షీ’ అన్నాడనీ స్థలపురాణం. వాల్మీకి జటాయువు తన వయసును తానే చెప్పుకుంటాడు, అరవై వేల ఏళ్లు. ఎదుటివాడు యువకుడు, రథమూ విల్లూ కవచమూ ఉన్నవాడు అని తెలిసే అడ్డుపడతాడు. మా పెద్దనాయన అడిగిన ప్రశ్ననే ఆ పక్షినీ అడగవచ్చు: తెలిసి పోతాండాడా? జటాయువుకు ఒక వరం ఉంది, కబురు చెప్పడానికి రాముడు వచ్చేదాకా ప్రాణం నిలుపుకున్నాడు, ఆయన చేతుల మీదుగా సంస్కారమూ జరిగింది. కేశవరెడ్డి ముసలివాడికి రాముడు రాడు. పురాణం నుంచి ఆధునిక నవలకు వచ్చేసరికి తగ్గింది సరిగ్గా అంతే, ఒక్క సాక్షి. చిలమత్తూరు మండలంలోనే వీరాపురం ఉంది. అక్కడి చింతచెట్ల మీద ఏటా ఎర్రకాళ్ల కొంగలు వచ్చి గూళ్లు కట్టుకుంటాయి. పురిటికి వచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు ఊరివాళ్లు. ఈనడానికి అడవికి పోయిన పందికీ, పిల్లల్ని చేసుకోవడానికి ఊళ్లోకి వచ్చిన కొంగకూ ఎంత దూరమో అనిపిస్తుంది అటువైపు పోయినప్పుడల్లా.

ఊరు పొమ్మనడం గురించి మా జిల్లాకు ఇంకా పాత కథ ఉంది. అనంతపురం పక్క బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతే బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ తనను బలిచ్చుకుందని బ్రౌన్ దొర ప్రచురించిన అనంతపురం చరిత్రలో ఉంది. దాన్ని తీసుకుని కట్టమంచి రామలింగారెడ్డి విద్యార్థిగా ఉన్నప్పుడే ‘ముసలమ్మ మరణము’ రాశారు, 1900లో అచ్చయింది. పేరు చూసి వృద్ధురాలనుకుంటారు, ఆమె పడుచుపిల్ల. అందులో ఊరు నిజంగానే పొమ్మంది. పోయింది మాత్రం ముసలివాళ్లు కాదు. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ నాయకుడు సీతారామారావు కూడా ముసలివాడు కాదు, అయినా అతని ప్రయాణం ముగిసేది శ్మశానంలోనే. తెలుగు నవలకు కాడు చాలాకాలంగా చివరి అధ్యాయం. కేశవరెడ్డి దాన్ని తెచ్చి మొదటి అధ్యాయంలో పెట్టారు.

సరిహద్దు దాటి ఒక్క మాట. అనంతమూర్తి కన్నడ నవల ‘సంస్కార’ (1965) శవంతోనే మొదలవుతుంది. దాన్ని ఎవరు దహనం చేయాలో తేలక అగ్రహారమంతా పస్తు ఉంటుంది. అక్కడ మరణం ఊరి సమస్య, శాస్త్రం సమస్య. పందుల కాపరి బతికినా చచ్చినా ఏ ఊరూ పస్తుండదు. రెండు పుస్తకాల్నీ ఒకదాని వెంట ఒకటి చదివితే చావులో కూడా ఎన్ని వీధులున్నాయో తెలుస్తుంది.

లోపాలు లేవా? ఉన్నాయి. అక్కడక్కడా కథకుడు ముసలివాడి పక్కనుంచి లేచి మనవైపు తిరిగి, జీవితం గురించి నాలుగు మాటలు చెబుతాడు. ఆ మాటలు తప్పు కావు, అక్కడ అవసరం లేవు. అడవిలో అంత నిశ్శబ్దం కట్టిన చెయ్యి దాన్ని తానే చెదరగొట్టినట్టుంటుంది. ముసలివాడికి తెలిసింది అతని చేతుల్లో కనిపిస్తూనే ఉంది, మళ్లీ వాక్యంలో చెప్పించనక్కరలేదు. ఇంకో సంగతి. ఇంత పెద్ద రాత్రిలో ఏడుపు లేదు. అది లోపమా, ఎన్నికా అని చాలాకాలం తేల్చుకోలేకపోయాను.

మా సీమలో చావింట ఆడవాళ్లు శోకాలు తీస్తారు. చనిపోయినవాణ్ణి ‘నువ్వు’ అని పిలిచి, వరస పెట్టి, అతడు చేసినవన్నీ అతనికే చెబుతారు: నువ్వు బావి తవ్వినావు, నువ్వు ఎద్దుల్ని కొన్నావు, నువ్వు చెప్పకుండా పోయినావు. మెక్సికో రచయిత కార్లోస్ ఫ్యుయెంటెస్ 1962 నాటి నవలలో మంచం పట్టిన ముసలి ధనవంతుడు ఆర్టెమియో క్రూజ్ కథను ‘నేను’, ‘నువ్వు’, ‘అతడు’ అని మూడు గొంతులతో వంతులవారీగా చెప్పించాడు. ‘నువ్వు’ అనే గొంతు జరిగిపోయిన సంగతుల్ని జరగబోయేవాటిలా చెబుతుంది. ప్రపంచమంతా దాన్ని కొత్త పద్ధతి అంది. మా శోకాల్లో సగం ఎప్పటినుంచో ఉంది. కేశవరెడ్డి ‘నువ్వు’నూ తీసుకోలేదు, ‘నేను’నూ తీసుకోలేదు. ‘అతడు’ ఒక్కటే పట్టుకున్నారు. ‘నువ్వు’ అనాలంటే పక్కన ఎవరో ఒకరు ఉండాలి కదా. ఏడుపు ఎందుకు లేదో అప్పుడు అర్థమైంది నాకు.

ఆయన శోకం తీసింది మరో పుస్తకంలో. ‘మూగవాని పిల్లనగ్రోవి’కి ‘బ్యాలడ్ ఆఫ్ ఒంటిల్లు’ అని ఇంకో పేరు పెట్టారు. భూమి చేజారిన రైతు బక్కిరెడ్డి కథ అది. అక్కడ ఊరంతా ఉంది, మరణం ఒక మనిషిదిగా మొదలై జానపదుల నోట గాథగా మారుతుంది, నమ్మశక్యం కానివి జరుగుతాయి, జరిగాయంటే నమ్ముతాం. అడవి నవలలో ఒక్క అద్భుతం కూడా జరగదు. ఒకే చెయ్యి ఒక మరణానికి ఊరినంతటినీ పిలిచింది, ఒక రాత్రికి ఒక్కణ్ణీ రానివ్వలేదు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవమంటాను. ముందు అడవి, తర్వాత ఒంటిల్లు.

ఆ రాత్రి కరెంటు వచ్చేసరికి పన్నెండు దాటింది. నేను చివరి పేజీ ముగించాను. పెద్దనాయన కట్టెను మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని దాని మీద గడ్డం ఆనించి కూర్చున్నారు. నిద్రపోయారేమో అనుకున్నాను.

“ఇది ఎప్పటి కత అప్పా?”

“నలభై ఏండ్లయింటాది పెద్దనాయనా.”

“అదేకదా. ఇప్పుడైతే ఒకటో తారీకు పింఛను వస్తాండె వానికి.” కట్టె ఊతంతో లేచారు. గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగారు. “పింఛను వచ్చినా పోతాండెలే. పంది వానిది కదా.”